యుద్ధకాలపు విమానాలను దగ్గరగా చూసి తెలుసుకోవడం: వైమానిక మ్యూజియం సందర్శనకు సమగ్ర మార్గదర్శి

పెద్ద వైమానిక మ్యూజియంలో ఒక్కో హ్యాంగర్‌లో పదుల సంఖ్యలో విమానాలు రెక్కకు రెక్క ఆనుతుందేమో అన్నంత దగ్గరగా నిలబడి ఉంటాయి. మరికొన్ని పైకప్పు నుంచి వేలాడుతుంటాయి. అన్నిటినీ ఒకే పూటలో చూసేయాలని బయలుదేరినవారు మూడో హ్యాంగర్ చేరేసరికి బోర్డులు చదవడం మానేసి ఫొటోలతో సరిపెట్టుకుంటారు. ఇంటికి వచ్చాక ఏ ఫొటో ఏ విమానానిదో కూడా గుర్తుండదు. ఈ మార్గదర్శి అందుకు పూర్తిగా భిన్నమైన పద్ధతిని సూచిస్తుంది. ఐదారు విమానాలనే ఎంచుకోండి, ఒక్కోదాని దగ్గర కనీసం అరగంట గడపండి, దాన్ని తయారుచేసినవారు ఏది సాధించడానికి ఏది వదులుకున్నారో కనిపెట్టడానికి ప్రయత్నించండి. యుద్ధకాలంలో తయారైన ప్రతి విమానమూ ఒక బేరమే. వేగం కోసం కవచాన్ని, దూరం కోసం బరువును, బాంబుల కోసం సిబ్బంది భద్రతను, కొన్నిసార్లు గడువు కోసం నాణ్యతను వదులుకున్నారు. ఆ బేరం ఆనవాళ్లు విమానం ఒంటి మీద ఇప్పటికీ కనిపిస్తాయి. వాటిని గుర్తుపట్టడానికి ఇంజనీరింగ్ చదువు అవసరం లేదు.

మొదటి అడుగు: మ్యూజియం స్వభావాన్ని తెలుసుకోండి

వైమానిక మ్యూజియంలన్నీ ఒకే తీరువి కావు. అమెరికాలో డేటన్‌లోని వైమానిక దళ జాతీయ మ్యూజియం, బ్రిటన్‌లో హెండన్, కాస్‌ఫర్డ్‌లలోని రాయల్ ఎయిర్ ఫోర్స్ మ్యూజియం, పారిస్ శివార్లలోని లె బూర్జే మ్యూజియం, ఢిల్లీ పాలంలోని భారత వైమానిక దళ మ్యూజియం వంటివి ఒక దేశపు వైమానిక చరిత్రను మొదటి నుంచి చివరి దాకా చెప్పడానికి ఏర్పడిన సంగ్రహాలు. డక్స్‌ఫర్డ్‌లోని ఇంపీరియల్ వార్ మ్యూజియం నిజమైన యుద్ధకాలపు వైమానిక స్థావరంలోనే ఉంది. 1938 ఆగస్టులో బ్రిటిష్ యుద్ధవిమానం స్పిట్‌ఫైర్ మొదటిసారి దళసేవలో చేరింది అక్కడున్న 19వ స్క్వాడ్రన్‌లోనే. ఇటువంటి చోట విమానాలతోపాటు హ్యాంగర్లూ, రన్‌వే కూడా ప్రదర్శనలో భాగమేనని గుర్తుంచుకోవాలి. మూడో రకం మ్యూజియంలు ఒక కర్మాగారాన్నో, ఒక రూపకర్తల సంస్థనో ఆధారం చేసుకుని పుట్టినవి. లండన్ కాల్నీలోని డి హావిలాండ్ మ్యూజియంలో మాస్కిటో అనే యుద్ధవిమానపు తొలి నమూనా, అంటే 1940 నవంబరు 25న మొదటిసారి ఎగిరిన విమానమే ఉంది. ఇలాంటి చిన్న మ్యూజియంలలో విమానాలు తక్కువే అయినా, వాటి దగ్గరికి వెళ్లి చూసే వీలూ, చెప్పేవారి ఓపికా ఎక్కువ. మొదటిసారి వెళ్లేవారు పెద్ద మ్యూజియంకే వెళ్లాలన్న నియమం ఏమీ లేదు.

బయలుదేరే ముందు మ్యూజియం వెబ్‌సైటులో విమానాల జాబితా చూసుకోండి. మీరు చూడదలచిన విమానం మరమ్మతుకు వెళ్లి ఉండవచ్చు. "మెంఫిస్ బెల్" అనే ప్రసిద్ధ బి-17 బాంబర్ 2005లో డేటన్ చేరాక 2018 మే నెలలో గాని శాశ్వత ప్రదర్శనకు రాలేదు. అలాగే వాషింగ్టన్‌లోని స్మిత్సోనియన్ వైమానిక, అంతరిక్ష మ్యూజియంకు రెండు ప్రాంగణాలు ఉన్నాయి. పెద్ద యుద్ధవిమానాలు చాలావరకు నగరం మధ్యలో కాక, డల్లస్ విమానాశ్రయం పక్కనున్న ఉద్వార్-హేజీ కేంద్రంలో ఉన్నాయి. ఈ చిన్న సంగతి తెలియక తప్పు భవనానికి వెళ్లేవారు తక్కువేమీ కాదు.

రెండో అడుగు: ఒక ప్రశ్న పట్టుకుని వెళ్లండి

"యుద్ధవిమానాల గురించి తెలుసుకోవాలి" అనుకుంటే ఎక్కడ మొదలుపెట్టాలో తెలియదు. ఒక నిర్దిష్టమైన ప్రశ్న ఉంటే ఏ విమానాలు చూడాలో, ఏవి వదిలేయాలో ఆ ప్రశ్నే చెబుతుంది. ఉదాహరణకు ఒకటి: 1943 అక్టోబరు 14న జర్మనీలోని ష్వైన్‌ఫుర్ట్ మీద పగటిదాడికి వెళ్లిన 291 బి-17 బాంబర్లలో 60 ఒక్కరోజే నష్టమయ్యాయి. అయినా 1944 మార్చి నుంచి అవే బాంబర్లు బెర్లిన్ దాకా పగటిపూట వెళ్లి రాగలిగాయి. ఈ ఐదు నెలల్లో ఏం మారింది? జవాబు కోసం బి-17ను, దాన్ని వేటాడిన మెసర్‌ష్మిట్ బీఎఫ్ 109ను, దానికి కొంత దూరం వరకే తోడు వెళ్లగలిగిన పి-47 థండర్‌బోల్ట్‌ను, చివరిదాకా తోడు వెళ్లిన పి-51 ముస్టాంగ్‌ను వరసగా చూస్తే చాలు. రెక్కల కింద తగిలించుకుని, ఖాళీ కాగానే వదిలేసే అదనపు ఇంధన ట్యాంకులు ఎక్కడైనా ప్రదర్శనలో కనిపిస్తే వాటిని దాటిపోకండి, ఎందుకంటే ఆ కథలో వాటిది పెద్ద పాత్ర.

మరో ప్రశ్న ముడిసరుకుల గురించి కావచ్చు. అల్యూమినియం కరువవుతుందని ఊహించిన బ్రిటన్ మాస్కిటోను బాల్సా, బర్చ్ కలపతో చేసింది. దాంతో బల్లలు, కుర్చీలు చేసే వడ్రంగి కార్ఖానాలు సైతం విమాన భాగాలు తయారుచేయగలిగాయి. నికెల్, క్రోమియం కొరతలో ఉన్న జర్మనీ తన జెట్ యుద్ధవిమానం మెసర్‌ష్మిట్ ఎంఈ 262 ఇంజిన్‌ను తక్కువరకం లోహాలతో చేయవలసి రావడంతో ఆ ఇంజిన్ ఆయుష్షు 10 నుంచి 25 గంటలకే పరిమితమైంది. ఈ రెంటినీ ఒకే రోజు చూడగలిగితే యుద్ధ ఆర్థికశాస్త్రం మీద ఒక ఉపన్యాసం విన్నట్టే.

మొదటి ప్రపంచ యుద్ధమే మీకు ఆసక్తి అయితే, తిరిగే ప్రొపెల్లర్ రెక్కల మధ్య నుంచి మెషిన్ గన్ కాల్చడం ఎలా సాధ్యమైందన్నది మంచి ప్రశ్న. 1915లో ఒకే జత రెక్కలున్న జర్మన్ ఫోకర్ విమానాలకు అమర్చిన సమకాలీకరణ యంత్రాంగం, ప్రొపెల్లర్ రెక్క గొట్టం ఎదుట ఉన్న క్షణంలో గుండు పేలకుండా ఆపేది. ఆ తరవాత విమానం మొత్తాన్నీ శత్రువు వైపు గురిపెట్టడమే పైలట్ పని అయింది. ఫైటర్ అనే జాతి స్థిరపడింది అప్పుడే.

మూడో అడుగు: సన్నాహం

దీనికి ఎక్కువ సమయం అక్కర్లేదు. ఎంచుకున్న విమానాల తొలి ప్రయాణ తేదీ, సిబ్బంది సంఖ్య, ఇంజిన్ పేరు, ఎన్ని తయారయ్యాయి అన్న నాలుగు వివరాలు ఒక కాగితం మీద రాసుకోండి. పైకప్పుకు వేలాడే విమానాల కోసం చిన్న బైనాక్యులర్స్ తీసుకెళ్లడం నా సలహాల్లో అన్నిటికంటే ఉపయోగపడేది. కెమెరా కంటే అది ఎక్కువ చూపిస్తుంది. హ్యాంగర్లు విశాలంగా, చలిగా ఉంటాయి, కాంక్రీటు నేల మీద గంటల తరబడి నిలబడాలి, కాబట్టి బూట్లు, దుస్తులు అందుకు తగ్గట్టు ఉండాలి. ఫ్లాష్, ట్రైపాడ్, వీపు సంచి విషయంలో ప్రతి మ్యూజియంకూ తన నియమాలు ఉంటాయి. విమానాన్ని తాకకూడదన్న నియమం మాత్రం దాదాపు అన్నిచోట్లా ఒకటే. చేతి చెమటలోని ఉప్పు అల్యూమినియాన్ని తినేస్తుంది. పాత నార బట్ట వేలి ఒత్తిడికే చిరగవచ్చు.

నాలుగో అడుగు: బోర్డు చదవకముందే విమానాన్ని చూడండి

లోపలికి వెళ్లగానే ఎంచుకున్న విమానం చుట్టూ ఒకసారి బోర్డు వైపు చూడకుండా తిరగండి. ఇది ఏ పని కోసం చేసినది, ఎంతమంది కూర్చునేవారు, ఎక్కడి నుంచి కాల్చేది, ఎక్కడి నుంచి చూసేది అని మీరే ఊహించండి. ఆ తరవాత బోర్డు చదివితే మీ ఊహ ఎక్కడ తప్పిందో తెలుస్తుంది. అలా తెలిసినది మరిచిపోవడం కష్టం. పక్కనున్న విమానంతో పోల్చడం కూడా ఈ దశలోనే మొదలుపెట్టాలి, ఎందుకంటే పుస్తకంలోని బొమ్మలు ఎన్నటికీ చెప్పలేనిది పరిమాణం. థండర్‌బోల్ట్ పక్కన స్పిట్‌ఫైర్ ఎంత చిన్నదో, బ్రిటిష్ బాంబర్ లాంకాస్టర్ బాంబుల అర ఎంత పొడవైనదో ఎదుట నిలబడితేనే బోధపడుతుంది. ఆ అర పొడవు 33 అడుగులు, ఎక్కడా అడ్డుగోడ లేదు.

ఐదో అడుగు: ముక్కు నుంచి తోక దాకా

ఇక అసలు పరిశీలన. ముక్కు దగ్గర మొదలుపెట్టండి. ముక్కు సన్నగా, పొడవుగా ఉంటే లోపల ద్రవంతో చల్లబడే ఇంజిన్ ఉన్నట్టు. గుండ్రంగా, వెడల్పుగా ఉండి ముందువైపు తెరిచి ఉంటే, సిలిండర్లను వలయంగా అమర్చిన, గాలితో చల్లబడే రేడియల్ ఇంజిన్ ఉన్నట్టు. మొదటిది గాలిని తేలికగా చీల్చుకుపోతుంది కాని, రేడియేటర్‌కో గొట్టానికో ఒక్క గుండు తగిలితే ద్రవం కారిపోయి కొద్ది నిమిషాల్లో ఇంజిన్ వేడెక్కి ఆగిపోతుంది. రెండోదానికి గాలి నిరోధం ఎక్కువ, కాని దెబ్బలు తట్టుకునే శక్తీ ఎక్కువే. థండర్‌బోల్ట్‌లోని 18 సిలిండర్ల, 46 లీటర్ల ఇంజిన్ 2,000 అశ్వశక్తికి పైగా ఇచ్చేది. నేల మీది లక్ష్యాలపై కిందికి దిగి దాడులు చేయడానికి ఆ విమానం ఎందుకు పనికొచ్చిందో దాని ముక్కు చూస్తేనే సగం అర్థమవుతుంది. ద్రవంతో చల్లబడే ఇంజిన్ అయితే రేడియేటర్ ఎక్కడుందో వెతకండి. స్పిట్‌ఫైర్‌కు రెక్కల కింద, మరో బ్రిటిష్ ఫైటర్ హరికేన్‌కు పొట్ట మధ్యన, ముస్టాంగ్‌కు పైలట్ వెనక పొట్ట కింద ఉంటుంది.

స్పిట్‌ఫైర్, బీఎఫ్ 109 ఒకేచోట ఉంటే పొగ గొట్టాలను పోల్చి చూడండి. స్పిట్‌ఫైర్‌కు అవి ముక్కు పైభాగంలో, జర్మన్ విమానానికి కిందిభాగంలో ఉంటాయి. కారణం డైమ్లర్-బెంజ్ ఇంజిన్‌ను తలకిందులుగా అమర్చడమే. ఆ ఇంజిన్‌లో ఇంధనం నేరుగా సిలిండర్లలోకి చిమ్మేది. స్పిట్‌ఫైర్‌లోని రోల్స్-రాయిస్ మెర్లిన్ ఇంజిన్ మాత్రం కార్బ్యురేటర్ మీద ఆధారపడేది. అందువల్ల 1940లో జర్మన్ పైలట్ ముక్కును ఉన్నట్టుండి కిందికి వంచి తప్పించుకుంటే, వెంటాడే బ్రిటిష్ పైలట్ అదే పని చేసిన క్షణంలో ఇంజిన్ తడబడేది. ఫార్న్‌బరోలోని ప్రయోగశాలలో పనిచేసిన ఇంజనీర్ బియాట్రిస్ షిల్లింగ్ రూపొందించిన ఒక చిన్న లోహపు బిళ్ల 1941లో ఈ ఇబ్బందిని చాలావరకు తగ్గించింది. ఇంజిన్ విడిభాగాల ప్రదర్శన ఉన్నచోట దాని గురించి అడిగి చూడండి.

ప్రొపెల్లర్ రెక్కలు లెక్కపెట్టండి. తొలి స్పిట్‌ఫైర్లకు రెండు రెక్కల చెక్క ప్రొపెల్లర్ ఉండేది, తరవాత మూడు, మార్క్ 9 అనే రకం నాటికి నాలుగు, గ్రిఫన్ ఇంజిన్ వచ్చిన మార్క్ 14 నాటికి ఐదు అయ్యాయి. పెరిగిన ఇంజిన్ బలాన్ని గాలికి అప్పగించాలంటే అన్ని రెక్కలు కావలసి వచ్చాయి. ఒకే పేరుగల విమానం పదేళ్లలోపే ఎంత మారిపోయిందో ఈ లెక్క ఒక్కటే చెబుతుంది. అందుకే "స్పిట్‌ఫైర్ చూశాను" అనడం కంటే ఏ మార్కు చూశారో రాసుకోవడం మంచిది.

తరవాత చక్రాలు. హరికేన్ చక్రాలు లోపలి వైపు ముడుచుకుంటాయి, కాబట్టి నేల మీద వాటి మధ్య దూరం ఎక్కువ, గతుకుల నేల మీద కూడా స్థిరంగా దిగగలదు. బీఎఫ్ 109 చక్రాల కాళ్లు రెక్కలకు కాక మొండేనికి తగిలించి ఉంటాయి. దానివల్ల రెక్కలు విప్పేసినా విమానం తన కాళ్ల మీద నిలబడేది, రైలు మీద తరలించడం, మరమ్మతు చేయడం తేలికయ్యేది. అందుకు చెల్లించిన మూల్యం ఇరుకైన చక్రాల దూరం. ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు ఎన్నో విమానాలు పక్కకు ఒరిగి దెబ్బతిన్నాయి. మొదట్లో చెప్పిన బేరానికి ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ దొరకదు.

రెక్కల ముందు అంచున తుపాకీ రంధ్రాలు చూడండి. తొలి స్పిట్‌ఫైర్ రెక్క ఎంత పల్చనిదంటే ఎనిమిది మెషిన్ గన్లను ఒకేచోట పెట్టడానికి చోటు చాలక పొడవునా విడివిడిగా అమర్చారు. హరికేన్ రెక్క మందం కాబట్టి నాలుగేసి చొప్పున పక్కపక్కనే ఉన్నాయి. కొన్ని విమానాల మీద ఆ రంధ్రాలకు ఎర్రటి బట్ట ముక్కలు అంటించి ఉంటాయి. అవి దుమ్ము, మంచు లోపలికి పోకుండా ఉంచడానికి వేసినవి, మొదటి గుండుతోనే చిరిగిపోయేవి. రెక్క కిందికి వంగి చూస్తే ఖాళీ తూటా గొట్టాలు జారిపోయే సన్నని సందులు కనిపిస్తాయి.

విమానం చర్మం మీద వేలు పెట్టకుండానే చాలా చదవవచ్చు. రివెట్ల తలలు ఉబ్బెత్తుగా ఉన్నాయా, చదునుగా కలిసిపోయాయా అన్నది వేగానికీ తయారీ సౌలభ్యానికీ మధ్య జరిగిన తగవు. స్పిట్‌ఫైర్ తొలి నమూనా మీద చదును రివెట్లకు ఎండు బఠానీ బద్దలు అంటించి ఎగరేసి, ఎక్కడ ఉబ్బెత్తు తలలు ఉంచినా నష్టం లేదో తేల్చుకున్నారు. ఇంజనీరింగ్ పరీక్షల్లో నాకు బాగా నచ్చినది ఇదే. హరికేన్ వెనకభాగానికి వస్తే చర్మం లోహం కాదు, ఉక్కు గొట్టాల చట్రం మీద చెక్క పట్టీలు పేర్చి కప్పిన నార బట్ట అని తెలుస్తుంది. పాతకాలపు పద్ధతే, కాని ఫిరంగి గుండు ఆ బట్టలోంచి దూసుకుపోయినా స్థావరంలోనే అతుకు వేసి మళ్లీ ఎగరేయగలిగారు. లోహపు విమానాల్లో కూడా తోక చుక్కానికి, రెక్కల చివర కదిలే పలకలకు బట్ట కప్పి ఉండడం మామూలే. పైలట్ చేతికి బరువు తగ్గించడం ఒక కారణం.

జపాన్ జీరో ఫైటర్ ఎదుట నిలబడే అవకాశం వస్తే లేనివాటి కోసం వెతకండి. 1939 ఏప్రిల్ 1న మొదటిసారి ఎగిరిన ఈ విమానం అదనపు ట్యాంకుతో సుమారు 3,000 కిలోమీటర్లు వెళ్లగలిగింది. తొలి రకాల్లో పైలట్ వెనక ఉక్కు పలక లేదు, గుండు తగిలితే తనంతట తాను మూసుకునే రబ్బరు పొరల ట్యాంకులూ లేవు. దానికి సరిగ్గా ఎదురుకొసన నిలిచేది నేల మీది లక్ష్యాలపై దాడి చేసే సోవియట్ ఇల్-2. ఇంజిన్, పైలట్, ట్యాంకులు ఉన్న ముందుభాగమంతా ఉక్కు కవచంతోనే కట్టారు. కవచం అదనపు బరువుగా కాక విమానపు అస్థిపంజరంలో భాగమైంది. సుమారు 36,000 తయారైన ఆ విమానాల్లో నేడు మిగిలినవి వేళ్ల మీద లెక్కపెట్టదగినన్నే.

రంగులు, గుర్తులు చివర చూడవచ్చు. రెక్కల మీద నలుపు తెలుపు పట్టీలు ఉంటే అది 1944 జూన్ 6 నాటి నార్మండీ దాడి కాలపు రూపం. తమవారి మీద తామే కాల్పులు జరుపుకోకుండా ఆ పట్టీలు వేశారు. అమెరికన్ నక్షత్రం మధ్య ఎర్రని చుక్క ఉంటే అది 1942 మే నెలకు ముందుది, ఎందుకంటే జపాన్ సూర్యబింబంతో పొరపాటు పడకుండా ఆ చుక్కను తర్వాత తీసేశారు.

ఆరో అడుగు: మనుషులు కూర్చున్న చోటు

కొన్ని మ్యూజియంలు నిర్ణీత రోజుల్లో కాక్‌పిట్ దాకా మెట్లెక్కనిస్తాయి, కొన్నిచోట్ల కోసి తెరిచిన మొండెం భాగాలు ఉంటాయి. అవకాశం ఉంటే ముందుగా సమయం కేటాయించుకోండి, ఎందుకంటే బయటి నుంచి చూసినది ఇక్కడే అర్థం మారుతుంది. తోక చక్రం మీద నిలిచిన ఫైటర్‌లో కూర్చున్న పైలట్‌కు నేల మీద ఉండగా ఎదుట ఆకాశం, ముక్కు తప్ప మరేదీ కనిపించదు. అందుకే రన్‌వే వైపు వెళ్లేటప్పుడు పాములా పక్కలకు తిప్పుకుంటూ నడిపేవారు. పాత గడియారపు పలకల మీద రేడియం పూసిన అంకెలు ఉంటాయి, అవి నేటికీ వికిరణం వెలువరిస్తుంటాయి కాబట్టి అద్దం వెనక ఉంచడం మ్యూజియం చాదస్తం కాదు.

బి-17లో పదిమంది పనిచేసేవారు. మొండెంలోకి గాలి చొరబడేది, ఎత్తులో ఉష్ణోగ్రత మైనస్ 40 డిగ్రీలకు, అంతకన్నా కిందికి పడిపోయేది, విద్యుత్తుతో వేడెక్కే దుస్తులు, ఆక్సిజన్ ముసుగులు లేకుండా బతకడం సాధ్యమయ్యేది కాదు. పొట్ట కింద గోళంలో ముడుచుకు కూర్చునే గన్నర్‌కు అక్కడ సాధారణంగా పారాచూట్ తగిలించుకునే చోటు కూడా ఉండేది కాదు. ఆ గోళాన్ని పక్క నుంచి కాకుండా కింద నుంచి చూడండి. లాంకాస్టర్‌లో ఏడుగురు. ముక్కు నుంచి తోక వైపు నడవాలంటే రెక్కలను మోసే దూలాలు మొండేన్ని అడ్డంగా కోస్తూ కనిపిస్తాయి, బరువైన దుస్తులతో చీకట్లో వాటిని ఎక్కి దాటాలి. ముక్కులోని అత్యవసర ద్వారం హాలిఫాక్స్ బాంబర్‌లోని దానికంటే 2 అంగుళాలు ఇరుకు. కూలుతున్న లాంకాస్టర్ నుంచి ప్రాణాలతో బయటపడినవారి నిష్పత్తి హాలిఫాక్స్ కంటే తక్కువని, అందుకు ఆ ఇరుకు కారణమని బ్రిటిష్ వైమానిక దళపు బాంబర్ల విభాగమైన బాంబర్ కమాండ్‌లో పరిశోధకుడిగా పనిచేసిన ఫ్రీమన్ డైసన్ తరవాతి కాలంలో రాశారు. బాంబర్ కమాండ్‌లో ఎగిరిన సుమారు 1,25,000 మందిలో 55,573 మంది చనిపోయారు.

ఏడో అడుగు: ఇందులో అసలైనది ఎంత?

మెరుస్తున్న విమానాన్ని చూసి అది అలాగే యుద్ధం చేసిందనుకోకూడదు. కొన్ని నిజంగా యుద్ధంలో పాల్గొన్నవి, కొన్ని యుద్ధానంతరం తయారై పాత రంగులు వేసుకున్నవి, కొన్ని రెండు మూడు శిథిలాలను కలిపి కట్టినవి, ద్వారం దగ్గర వానలో నిలబడినవి తరచుగా ఫైబర్‌గ్లాస్ నకళ్లు. బోర్డు మీద సీరియల్ నంబరు, తయారైన ఏడాది, ఏ దళంలో పనిచేసింది అన్నవి ఉన్నాయో లేదో చూడండి. "ఫలానా విమానం రంగుల్లో" అని ఉంటే అది ఆ విమానం కాదని అర్థం.

పునరుద్ధరణ, సంరక్షణ ఒకటే కాదన్నది గమనించదగిన మరో సంగతి. 1942 ఏప్రిల్‌లో జర్మన్ యుద్ధనౌక తిర్పిట్జ్ మీద దాడికి వెళ్లి, నార్వేలో గడ్డకట్టిన సరస్సు మీద దిగి, తరవాత మునిగిపోయిన ఒక హాలిఫాక్స్‌ను 1973లో పైకి తీశారు. రాయల్ ఎయిర్ ఫోర్స్ మ్యూజియం దాన్ని బాగుచేయకుండా శిథిలంగానే ప్రదర్శనకు పెట్టింది. కొత్త రంగు పూసిన పది విమానాల కంటే ఆ తుప్పుపట్టిన లోహం ఎక్కువ చెబుతుందన్నది నా అభిప్రాయం. స్మిత్సోనియన్‌లోని "ఫ్లాక్-బెయిట్" అనే బి-26 బాంబర్ 200కు పైగా దాడులకు వెళ్లి వచ్చింది; దాని మీది అతుకులు, అరిగిన రంగు అలాగే ఉండాలని సంరక్షకులు జాగ్రత్త పడుతున్నారు.

ఏవి మిగిలాయన్నది కూడా చరిత్ర కాదు, చాలావరకు అదృష్టం. 2,000కు పైగా తయారైన షార్ట్ స్టర్లింగ్ బాంబర్లలో పూర్తి విమానం ఒక్కటీ మిగల్లేదు. 3,000కు పైగా తయారైన హాకర్ టైఫూన్ ఫైటర్లలో పూర్తిగా మిగిలింది ఒక్కటే, అదీ పరీక్షల కోసం అమెరికాకు పంపినందువల్ల తుక్కు కాకుండా తప్పించుకుంది. యుద్ధం ముగిశాక భారత్‌లో వదిలేసిన లిబరేటర్ బాంబర్లను బెంగళూరులో బాగుచేసి భారత వైమానిక దళం 1968 వరకు వాడుకుంది, ఆ కారణంగానే కొన్ని విదేశీ మ్యూజియంలకు లిబరేటర్ దక్కింది. మ్యూజియంలో స్పిట్‌ఫైర్లు ఎక్కువ కనిపించినంత మాత్రాన యుద్ధమంతా స్పిట్‌ఫైర్లే చేశాయనుకోవద్దు. 1940లో బ్రిటన్ గగనతలంలో జరిగిన "బ్రిటన్ యుద్ధం"లో శత్రువిమానాలను ఎక్కువగా కూల్చింది హరికేన్లే.

ఎనిమిదో అడుగు: బోర్డు మీది అంకెలను నిలదీయండి

గరిష్ఠ వేగం అని ఉన్నచోట ఏ ఎత్తులో అని అడగాలి. ఇంజిన్‌లోకి గాలిని ఒత్తిడితో పంపే సూపర్‌ఛార్జర్ ఎత్తును బట్టి పనిచేస్తుంది కాబట్టి ఒక విమానం 10,000 అడుగుల వద్ద గెలిచి 25,000 అడుగుల వద్ద ఓడిపోవచ్చు. గరిష్ఠ దూరం సాధారణంగా నిదానమైన వేగంతో లెక్కవేసినది, పోరాటంలో అది దక్కదు. కూల్చివేతల సంఖ్యల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. 1940 సెప్టెంబరు 15న 185 జర్మన్ విమానాలను కూల్చామని బ్రిటన్ ప్రకటించింది. అసలు నష్టం 60 దరిదాపు అని తరవాత జర్మన్ రికార్డుల్లో తేలింది. అబద్ధం చెప్పాలని కాదు, ఒకే విమానాన్ని ఇద్దరు ముగ్గురు కాల్చి ఎవరికివారు తమదేననుకోవడం ఆ గందరగోళంలో సహజం.

తొమ్మిదో అడుగు: విమానం కింద ఉన్నవారు, విమానం వెనక ఉన్నవారు

సందర్శకులు తొందరగా దాటిపోయే పక్క గదుల్లోనే చాలా విషయం ఉంటుంది. విమానాలను కర్మాగారం నుంచి స్థావరాలకు చేర్చిన బ్రిటన్, అమెరికా మహిళా పైలట్లు, పాత శిక్షణ విమానాలతో రాత్రిదాడులు చేసిన సోవియట్ 588వ మహిళా రెజిమెంట్, రేడార్ కేంద్రాల్లో పనిచేసినవారు అక్కడే కనిపిస్తారు. ఎంఈ 262ను చూసినప్పుడు దాని వేగంతోపాటు, దాని భాగాలను గూసెన్ నిర్బంధ శిబిరం ఖైదీల చేత సొరంగాల్లో తయారుచేయించారన్నదీ తెలిసి ఉండాలి. బాంబర్ ఎదుట నిలబడినప్పుడు ఆ బాంబులు ఎక్కడ పడ్డాయని అడగడం కూడా పరిశీలనలో భాగమే. 1945 మార్చి 9, 10 తేదీల రాత్రి బి-29 బాంబర్లు టోక్యో మీద జరిపిన దాడిలో దాదాపు లక్షమంది చనిపోయారని అంచనా. హిరోషిమా మీద అణుబాంబు వేసిన "ఎనోలా గే" ఉద్వార్-హేజీ కేంద్రంలో ఉంది. 1995లో దాని ప్రదర్శనకు మ్యూజియం రాసుకున్న తొలి పాఠాన్ని మాజీ సైనికుల సంఘాలు తీవ్రంగా వ్యతిరేకించడంతో అసలు ప్రణాళిక రద్దయింది, మ్యూజియం సంచాలకుడు రాజీనామా చేశారు. బోర్డు మీద ఏముందో చదివాక ఏం లేదో కూడా ఆలోచించడం అందుకే అవసరం.

పదో అడుగు: అక్కడి వాలంటీర్లను అడగండి

చాలా మ్యూజియంలలో హ్యాంగర్‌లో తిరిగే వాలంటీర్లు విశ్రాంత మెకానిక్‌లో, వైమానిక దళంలో పనిచేసినవారో అయి ఉంటారు. "దీని గురించి చెప్పండి" అంటే బోర్డు మీది సంగతులే చెబుతారు. "ఈ ఇంజిన్ మార్చడానికి ఎంతమంది, ఎంత సమయం కావాలి?", "ఇందులో ఏ భాగం అసలుది కాదు?", "దీన్ని బాగుచేసేటప్పుడు దొరకనిది ఏమిటి?" అని అడిగితే మాత్రం సంభాషణ మరోలా సాగుతుంది. మరమ్మతు హ్యాంగర్ చూడనిస్తారేమో కూడా వారినే అడగాలి. చర్మం విప్పిన విమానం ఒక్కటి చూస్తే, మీరు ఉదయం నుంచి చూసిన వాటన్నిటి లోపలి అమరిక ఒక్కసారిగా అర్థమవుతుంది. పిల్లలతో వెళ్తే జాబితాను రెండు విమానాలకు కుదించి, తుపాకులెన్ని, కిటికీలెన్ని, ఎవరు ఎక్కడ కూర్చునేవారు అని వారి చేతే కనిపెట్టించడం మేలు.

పదకొండో అడుగు: తిరిగి వచ్చాక

ప్రతి విమానానికీ ముందుగా బోర్డును, తరవాత విమానాన్ని ఫొటో తీసే అలవాటు ఉంటే నోట్సు రాసుకోవడం తేలిక. అదే రోజు రాత్రి ఒక్కో విమానానికి అది ఏం సాధించింది, ఏం వదులుకుంది అని రెండేసి వాక్యాలు రాయండి. సీరియల్ నంబరు రాసుకుని ఉంటే పని ఇంకా ముందుకు సాగుతుంది. రాయల్ ఎయిర్ ఫోర్స్ మ్యూజియం తన విమానాల విడివిడి చరిత్రలను ఆన్‌లైన్‌లో ఉంచుతుంది. బ్రిటిష్ స్క్వాడ్రన్ల దినచర్య పుస్తకాలు లండన్‌లో క్యూ వద్దనున్న జాతీయ అభిలేఖాగారంలో ఉన్నాయి. వాటిలో ఫలానా రోజు ఫలానా విమానాన్ని ఎవరు నడిపారు, ఎన్నింటికి ఎక్కారు, ఎన్నింటికి దిగారు అన్నది వరస వారీగా నమోదై ఉంటుంది. అభ్యర్థన పంపేటప్పుడు సీరియల్ నంబరుతోపాటు స్క్వాడ్రన్ సంఖ్య, నెల, ఏడాది కూడా ఇస్తే వెతికేవారికి పని సులువవుతుంది, జవాబూ త్వరగా వస్తుంది.